ఏడో ప్రశ్నకు నేను రాసిన జవాబు

2017 జూన్‌లో నన్ను గురజాల, మాచర్ల మధ్య ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీకి సిబ్బంది వ్యవహారాల మేనేజరుగా బదిలీ చేశారు. అంతకు ముందు చాలా ఏళ్లు అదే కంపెనీకి చెందిన వేరే యూనిట్లలో సంక్షేమాధికారిణిగా పనిచేశాను. ఐదు వందల మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండి తీరాలని చట్టం చెబుతుంది. ఆ చట్టమే లేకపోతే సిమెంటు ఫ్యాక్టరీ గేటు లోపల నావంటి దానికి ఒక కుర్చీ దొరికేది కాదు. మేనేజరు హోదాలో ఆ యూనిట్‌లో చేరిన మొదటి స్త్రీని నేనే. నేను పదవీ విరమణ చేసే వరకూ రెండో ఆమె రాలేదు. ఫ్యాక్టరీ పేరు రాయను. నేను చెప్పదలచిన విషయానికి ఆ పేరుతో పని లేదు.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఈ మధ్య ఒక శిక్షణ తరగతిలో నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. అక్కడ ఒక యువ అధికారి లేచి, ఉద్యోగానికి ఎంపికైనవారు ఏ ప్రశ్నలు అడుగుతారో తమకు ముందే తెలుసనీ, జవాబులు ఫోనులో తయారుగా ఉంచుకుని అతికించి పంపేస్తామనీ, దానివల్ల చాలా సమయం కలిసివస్తోందనీ చెప్పాడు. మిగతావారు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. అతికించిన జవాబు ఎవరి ప్రశ్నకు జవాబు? ఆ కోపం చల్లారకముందే ఈ సంగతి రాసి పెట్టాలనుకున్నాను. నా ఉత్తరాలన్నిటికీ నకళ్లు ఉంచుకునే అలవాటు నాకుంది కనుక మాటలు సరిగ్గానే గుర్తున్నాయి.

ముందుగా పద్ధతి చెబుతాను. ఎంపిక కమిటీ ఒకరిని ఖాయం చేశాక సిబ్బంది విభాగం ఆఫర్ లెటర్ పంపుతుంది. దానికి గడువు ఉంటుంది. ఆ గడువులోగా అభ్యర్థి సంతకం చేసి తిప్పి పంపితే అది అంగీకారం. ఆఫర్‌కూ అంగీకారానికీ మధ్య ఉన్న ఆ కొద్ది రోజులే మనిషి మాటకు విలువ ఉండే కాలం. అంతకు ముందు అతను అర్జీదారు, ఆ తర్వాత ఉద్యోగి. ఈ సంగతి తెలిసినవారు ఆ రోజుల్లోనే ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబులు ఫోను మీదే చెప్పాలి, కాగితం మీద పెట్టకూడదు అన్నది ఆ ఫ్యాక్టరీలో ఎవరూ రాసి పెట్టని నియమం.

మా ఫ్యాక్టరీలో ఒక చిన్న వైద్యశాల ఉండేది. దుమ్ము, వేడి, యంత్రాలు ఉన్న ఇటువంటి పరిశ్రమలో పూర్తికాలపు వైద్యాధికారి ఉండాలి. నేను చేరేనాటికి ఆ పదవి ఖాళీగా ఉంది. అంతకు ముందు ఇద్దరు డాక్టర్లు వెంట వెంటనే వెళ్లిపోయారు. మాచర్ల నుంచి ఒక ప్రైవేటు డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చి మాత్రలిచ్చి వెళ్లేవారు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు తన తనిఖీలో ఈ లోపాన్ని ఎత్తిచూపి, త్వరగా భర్తీ చేయమని రాశారు. దానితో మా యూనిట్ హెడ్ మూర్తిగారికి డాక్టరు హఠాత్తుగా అత్యవసరమయ్యారు.

ఎంపికైన వ్యక్తి డాక్టర్ ఫర్హానా. నరసరావుపేట అమ్మాయి. తండ్రి లారీల వైరింగు పనిచేసే మెకానిక్కు. అప్పటికే కొన్నేళ్లు ఒక మారుమూల ఆసుపత్రిలో చేసింది. ఇంటర్వ్యూలో తక్కువ మాట్లాడింది. అడిగిన దానికి జవాబు చెప్పి ఆగిపోయేది. ఆమెకు ఆఫర్ లెటర్ పంపిన కొన్ని రోజులకు సంతకం చేసిన ప్రతి రాలేదు, ఒక ఈమెయిల్ వచ్చింది. అందులో ఏడు ప్రశ్నలున్నాయి. చివర, “దయచేసి రాతపూర్వకంగా జవాబివ్వగలరు” అని ఉంది.

దాన్ని ముద్రించి మూర్తిగారి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన చదువుతూనే నవ్వారు.

“ఏంటి మేడం, మనం ఈవిడకి ఇంటర్వ్యూ చేశామా, ఈవిడ మనకి చేస్తోందా?”

గడువు దగ్గర పడుతోంది, జవాబు రాయాలి అన్నాను.

“ఫోన్ చేసి అన్నీ బాగున్నాయని చెప్పండి. ఆడవాళ్లూ ఆడవాళ్లూ మాట్లాడుకోండి. ఎందుకొచ్చిన కాగితాలు?”

ఆడవాళ్లూ ఆడవాళ్లూ అన్న మాట నాకు నచ్చలేదు. సంతకం నాది కనుక జవాబు నేనే రాస్తాను, ప్రతి ప్రశ్నకూ నిజానిజాలు చూసి రాస్తాను అని చెప్పి వచ్చేశాను. ఆయన దాన్ని అంత పట్టించుకోలేదు. నేను ఆఫీసులో కాగితాల మనిషిగా పేరుపడ్డాను. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

మొదటి నాలుగు ప్రశ్నలు ఎవరైనా అడగదగ్గవి. క్వార్టరులో నీళ్లు వస్తాయా అని ఒకటి. బోరు నీళ్లు ఉప్పు, తాగునీరు ట్యాంకరులో వస్తుంది, ఎండాకాలంలో ఆలస్యమవుతుంది అని రాసుకున్నాను. రాత్రి పిలిస్తే మరునాడు విశ్రాంతి ఇస్తారా, మందుల కొనుగోలులో డాక్టరు మాట చెల్లుతుందా అన్నవి మరో రెండు. నాలుగో ప్రశ్న దగ్గర ఆగాను. గాయపడినవారిని గుంటూరు తీసుకువెళ్లే అంబులెన్సుకు గేటు పాస్ కావాలా అని అడిగింది. నిబంధన తీసి చూస్తే నిజంగానే కావాలి. గేటు దాటే ప్రతి వాహనానికీ షిఫ్టు ఇన్‌చార్జి సంతకం చేసిన పాస్ ఉండాలని ఉంది. అంబులెన్సు అన్న మాట అందులో ఎక్కడా లేదు. సిమెంటు బస్తాల లారీకీ ప్రాణం మీదకు వచ్చిన మనిషికీ ఒకే నిబంధన. ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టలేదు. అంబులెన్సుకు పాస్ అక్కరలేదని సెక్యూరిటీకి సర్క్యులర్ పంపించి, ఆ సర్క్యులర్ సంఖ్యనే జవాబుగా రాసుకున్నాను.

ఐదో ప్రశ్న ఇది: “గాయపడిన కార్మికుణ్ణి ‘లైట్ డ్యూటీ’ పేరుతో పిలిపించి కూర్చోబెట్టే పద్ధతి మీ ఫ్యాక్టరీలో ఉందా? నేను విశ్రాంతి రాస్తే అది చెల్లుతుందా?”

పాఠకులకు దీన్ని కాస్త విడమరచాలి. పనిలో గాయపడ్డ కార్మికుడు నలభై ఎనిమిది గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోతే ఆ ప్రమాదాన్ని ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలి. అదే కార్మికుడు మరునాడు హాజరుపట్టీలో ఉన్నట్టు కనబడితే తెలియజేయనక్కరలేదు. కనుక కాలు విరిగినవాణ్ణి కూడా జీపులో తీసుకువచ్చి, టైమ్ ఆఫీసులో, అంటే హాజరు వేసే గదిలో, ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, హాజరు వేసి, సాయంత్రం దించి వస్తారు. కాగితం మీద ప్రమాదం జరగలేదు. ఫ్యాక్టరీ గేటు పక్కన ఉన్న పెద్ద బోర్డు మీద “ప్రమాదం లేని దినాలు” అని రాసి, కింద కొక్కేలకు అంకెల రేకులు తగిలించి ఉండేవి. రోజూ ఉదయం ఒకతను వచ్చి రేకు మార్చేవాడు. ఆ అంకె అప్పుడు వెయ్యికి చేరువలో ఉంది. వెయ్యి నిండిన రోజున ప్రతి కార్మికుడికీ ఒక గ్రైండరు ఇస్తామని యాజమాన్యం ప్రకటించింది. గ్రైండర్లు వచ్చి స్టోర్సులో వరసగా పేర్చి ఉన్నాయి కూడా.

జవాబుకు కొంత సమయం పడుతుందనీ, అందుకోసం ఆఫర్ గడువును నెల రోజులు పొడిగించాననీ చెప్పడానికి డాక్టర్ ఫర్హానాకు ఫోన్ చేశాను. ఐదో ప్రశ్న ఎందుకు అడగవలసి వచ్చిందని కూడా అడిగాను.

“మా మామూ ఒకాయన చిలకలూరిపేటలో మిల్లులో చేసేవాడు మేడం. చేతికి కట్టుంటే కూడా రోజూ బండి పంపించి తీసుకుపోయేవాళ్లు. సెలవులకెళ్లినప్పుడు నేనే క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని. పొద్దస్తమానం బల్ల మీద కూచోనుంటే, మామూకి ప్రమోషనొచ్చిందనుకున్నా.”

ఆ మాటకు ఆమె నవ్వింది. ఏడో ప్రశ్న గురించీ అడిగాను. అది ఇలా ఉంది: “సాయంత్రం ఏడు దాటాక మాట్లాడటానికి అక్కడ ఎవరుంటారు?” నా ఉద్యోగ జీవితంలో అటువంటి ప్రశ్న అడిగిన అభ్యర్థి మరొకరు లేరు.

“ఇంతకు ముందు చేసిన చోట, రాత్రిళ్లు అన్నం తింటా టీవీలో వార్తలు చదివే ఆమెకి జవాబులు చెప్పేదాన్ని మేడం. ఆమె ‘నమస్కారం’ అంటే నేనూ ‘నమస్కారం’ అనేదాన్ని. ఒకరోజు కూర బాగా కుదిరిందని కూడా చెప్పా. ఆ నెలలోనే రాజీనామా ఇచ్చేశా.”

ఆ వార్తల ఆమె నాకూ తెలుసు.

ఆ రోజు టైమ్ ఆఫీసుకు వెళ్లాను. అది నా విభాగంలోదే. బెంచీ మీద ఏసోబు ఉన్నాడు. రాయి పగలగొట్టే క్రషర్ విభాగంలో ఫిట్టరుకు సహాయకుడు. మోకాలి కింద ఎముక విరిగింది. పిండికట్టు వేసిన కాలు ఒక ఖాళీ డబ్బా మీద చాపి ఉంది. చేతిలో హాజరుకు వాడిన పాత పంచ్ కార్డుల కట్ట పెట్టారు. వాటిని వరసలో పెట్టడం అతని పని. మరునాడు ఎవరో వాటిని మళ్లీ కలిపేసేవారు. హాజరు వేయించుకోవడానికి వచ్చిపోయేవాళ్లు అతణ్ణి ఆట పట్టించేవారు.

“ఏం ఆఫీసరుగారో, ఫైళ్లు ముందుకి కదిలినయ్యా?”

“లంచమిస్తే కదులుతయ్‌రా, ఒక బీడీ ఇట్టా పడెయ్,” అన్నాడు ఏసోబు. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను.

ఇంట్లో ఉండి విశ్రాంతి తీసుకోవాలని ఉందా అని అడిగాను. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“ఉండదా మేడం? ఆ జీపు గతుకుల్లో పడితే ప్రాణం జివ్వుమంటది. కానీ నేను ఇంటికాడ పడుకుంటే బోర్డు సున్నాకొచ్చిద్దంట. నా ఒక్కడి కాలు మూలాన అందరి గ్రైండర్లూ పోతయ్యి. ఇంక ఊళ్లో నన్ను తిరగనిస్తారా?”

అతని భార్య మరియమ్మ మధ్యాహ్నం అన్నం తెచ్చి గేటు దగ్గర నిలబడేది. ఆమె మాటల్లో సర్దుబాటు లేదు.

“ఎముక అతుక్కోవాలంటే కదలకుండా ఉంచమన్నాడు గుంటూరు డాక్టరు. మీరేమో రోజూ ఊపుకుంటా తిప్పతన్నారు. ఏం మేడం, మీ ఇంట్లోవాళ్లకైతే ఇట్టాగే చేస్తారా? రేపు కుంటోడైతే మీ బోర్డు మాకు అన్నం పెట్టిద్దా?”

ఏసోబు కాలు వంకరగా అతుక్కుంటే క్రషర్‌లో మళ్లీ నిలబడలేడు. ఇద్దరు పిల్లలు. జరగబోయే నష్టం అది. దాని పక్కన గ్రైండరు ఎంత?

ఆరో ప్రశ్న, పాత డాక్టర్లు ఎందుకు వెళ్లిపోయారన్నది. దానికీ జవాబు ఇదే బెంచీ దగ్గర దొరికింది. మొదటి ఆయన పిల్లల చదువు కోసం వెళ్లారు. రెండో ఆయన రాసిన విశ్రాంతి చీటీలను పక్కన పెట్టి హాజరు వేశారు. ఇది నాకంటే ముందున్న మేనేజరు కాలంలో జరిగింది. ఆ డాక్టరు ఎవరితోనూ గొడవపడలేదు. సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

మూర్తిగారిని మళ్లీ కలిశాను. ఐదో ప్రశ్నకు ‘లేదు’ అని రాయమన్నారు. ఆమె చేరిన వారంలోనే ఆ బెంచీ చూస్తుంది కదా అన్నాను.

“చూస్తే చూస్తుంది. చేరాక ఎక్కడికెళ్తుంది మేడం? అలవాటైపోతుంది. మనందరికీ అలవాటు కాలా?”

ఒక మనిషిని అబద్ధంతో పిలిపించి, పిలిపించాక తిరిగి వెళ్లలేరన్న ధైర్యంతో కూర్చోవడం. దీనికి ఆయన పెట్టుకున్న పేరు నియామకం.

నాకు రెండు దారులు మూసుకుని ఉన్నాయి. ‘లేదు’ అని రాస్తే అది నా సంతకంతో అబద్ధం. ‘ఉంది’ అని కంపెనీ లెటర్‌హెడ్ మీద రాస్తే, చట్టాన్ని ఉల్లంఘిస్తున్నామని కంపెనీ తరఫున నేనే ఒప్పుకుని, ఉల్లంఘన కొనసాగనిచ్చినట్టు. మిగిలింది ఒకటే. జవాబు రాసే ముందు ఆ పద్ధతిని లేకుండా చేయాలి.

ఫైలులో ఒక నోట్ పెట్టాను. గాయపడిన కార్మికుడికి హాజరు వేయించమని మీ ఆదేశమైతే దయచేసి రాసి ఇవ్వండి, లేని పక్షంలో గుంటూరు డాక్టరు చీటీ ప్రకారం అతణ్ణి గాయం సెలవులో చూపుతాను అని రాశాను. ఈ వృత్తిలో నేను కనిపెట్టిన విషయం ఒకటుంది. తప్పుడు ఆదేశం ఇచ్చేవారు దాన్ని నోటితోనే ఇస్తారు, రాసి ఇవ్వమంటే వెనక్కు తగ్గుతారు. ఫైలు తిరిగి రాలేదు. హాజరుపట్టీ నా అధీనంలోనిది. జీపు పంపవద్దని చెప్పాను. ఏసోబు పేరు ఎదురుగా గాయం సెలవు అని నమోదు చేయించి పక్కన పొడి సంతకం పెట్టాను. నలభై ఎనిమిది గంటలు దాటాయి. ఇన్‌స్పెక్టరుకు పంపవలసిన ఫారం నింపి మూర్తిగారి బల్ల మీద పెట్టాను. హాజరుపట్టీలో నమోదైపోయింది, ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చే సమయం, నా సంతకం లేకుండా దాన్ని మార్చే వీలు లేదు. ఆయన ఫారం చదివారు, సంతకం పెట్టారు, నా వైపు చూడకుండానే కాగితం బల్ల చివరికి తోశారు.

మర్నాడు ఉదయం రేకులు మార్చే మనిషి బోర్డు దగ్గర నిలబడి ఒకటికి రెండుసార్లు సెక్యూరిటీవాళ్లను అడిగాడు. తర్వాత ఒక్కొక్క అంకెనూ దించి, సున్నాలు తగిలించాడు. షిఫ్టు మారే సమయం. లోపలికి వచ్చేవాళ్లూ బయటికి వెళ్లేవాళ్లూ ఆగి చూశారు. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువయ్యేది.

నేను ఎదురుచూసింది యాజమాన్యం కోపాన్ని. కార్మికుల కోపాన్ని కాదు. యూనియన్ కార్యదర్శి కోటేశ్వరరావు నా గదికి వచ్చి కూర్చోకుండానే మాట్లాడాడు.

“మా మంచి కోసమే చేశానంటారు మేడం, కాదనను. కానీ మా ఆడోళ్లు స్టోర్సులో గ్రైండరు రంగు కూడా చూసుకోనొచ్చారు. ఇప్పుడు మీరొచ్చి ఇంటింటికీ పిండి రుబ్బి పోవాల.”

చట్టం చెప్పాను. డాక్టరు చీటీ చూపాను. రేపు మీ కాలే అయితే అని కూడా అన్నాను.

“నా కాలైతే నేనూ బెంచీ మీద కూచునేవోణ్ణి. అందరం కూచున్నోళ్లమే. ఏసోబుగాడు పెద్ద మొనగాడా?” అని వెళ్లిపోయాడు.

క్యాంటీన్‌లో నేను కూర్చునే బల్ల దగ్గరి కుర్చీలను ఎవరో ఒకరు తీసుకెళ్లి పక్క బల్లకు వేసుకునేవారు. కొన్నాళ్లకు నా కుర్చీ ఒక్కటే మిగిలింది. అధికారులు మర్యాదగానే నమస్కారం పెట్టి వేగంగా నడిచేవారు. నాకు అది పూర్తిగా కొత్తది కాదు. ఆఫీసర్ల క్లబ్బులో నేను ఆడదాన్ని, ఆడవాళ్ల సమావేశంలో నేను ఆఫీసర్ని. రెండు చోట్లా నేను వచ్చేసరికి మాటలు మారేవి. ఇప్పుడు మాటలు మారడం కూడా లేదు, ఆగిపోతున్నాయి.

ఏసోబు ఊరికి ఒకసారి వెళ్లాను, సెలవు భత్యం కాగితాల మీద వేలిముద్ర కోసం. అతను మంచం మీద కాలు చాపి పడుకుని ఉన్నాడు. ముఖం తేటపడింది. మరియమ్మ మంచినీళ్లిచ్చింది.

“మీరు మంచే చేశారు మేడం. రాత్రిళ్లు నిద్రపోతన్నాడు,” అంది. ఖాళీ గ్లాసు అందుకుంటూ, “కానీ మా ఇంటికి ఎవురూ రావట్లా. ప్రార్థనకి పోతే కూడా పక్కన కూచోవట్లా,” అంది.

నేనూ అంతే అని చెప్పలేదు. నేను వెళ్లిన పని అది కాదు.

పొడిగించిన గడువుకు వారం ముందు జవాబు రాశాను. ఐదో ప్రశ్నకు ఇలా రాశాను: ఆ పద్ధతి ఇంతకు ముందు ఉండేది. ఇప్పుడు లేదు. వైద్యాధికారి రాసిన విశ్రాంతి చీటీని యథాతథంగా హాజరుపట్టీలో నమోదు చేయాలని టైమ్ ఆఫీసుకు ఆదేశం ఇవ్వబడింది. దాని ప్రతి జతపరచడమైనది. ఆరో ప్రశ్నకు ఇద్దరు డాక్టర్ల సంగతీ ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఏడో ప్రశ్నను ముందు దాటవేయాలనుకున్నాను. కాలనీలో ఆటస్థలం ఉంది, క్లబ్బు ఉంది, పండుగలు కలిసి జరుపుకుంటాం అని రాసే వాక్యాలు ఇటువంటి చోట్ల సిద్ధంగా ఉంటాయి. ఆ వాక్యాలు రాసి, చదివి, చించేశాను. చివరకు పంపిన జవాబు నకలు నా దగ్గర ఉంది.

“కాలనీలో ఏడు దాటాక తలుపులు వేసుకుంటారు. ఆఫీసర్ల క్లబ్బు ఉంది. అందులో స్త్రీలు కూర్చునే అలవాటు లేదు. గృహిణుల సంఘం ఉంది. అందులో ఉద్యోగినులు కలిసే అలవాటు లేదు. చీకటి పడ్డాక మాచర్లకు బస్సు లేదు. కనుక మీ ప్రశ్నకు, ఎవరూ ఉండరన్నదే సరైన జవాబు. అయితే వైద్యాధికారికి కేటాయించిన క్వార్టరు పక్క క్వార్టరులో నేను ఉంటాను. ఏడు తర్వాత నాకు పని ఉండదు.”

చివరి రెండు వాక్యాలు ఆఫీసు ఉత్తరంలో ఉండదగ్గవి కావని రాస్తున్నప్పుడే తెలుసు. అయినా తీసేయలేదు.

తర్వాతి వారంలో నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. పరిపాలనా కారణాల దృష్ట్యా అన్నారు. సీమలో ఉన్న మరో యూనిట్‌కు, అదే హోదా, అదే జీతం. కాగితం మీద ఏ లోపమూ లేదు. అటువంటి కాగితాలు రాయడం నాకూ వచ్చు కనుక వాటి అర్థం నాకు తెలుసు. నా స్థానంలోకి వచ్చినాయనకు ఫైళ్లు అప్పజెప్పేటప్పుడు టైమ్ ఆఫీసు ఆదేశాన్ని వేరుగా చూపించి, అది చూశానని ఆయన చేత సంతకం తీసుకున్నాను. వీడ్కోలు టీ ఇచ్చారు. మూర్తిగారు రెండు మాటలు మాట్లాడారు. కోటేశ్వరరావు రాలేదు. గేటు దగ్గర జీపు ఎక్కబోతుంటే మాత్రం ఎక్కడి నుంచో వచ్చి, డ్రైవరుతో, “మేడాన్ని నిమ్మళంగా తీసుకుపోరా, గతుకులుండయ్,” అన్నాడు. బోర్డు మీద అప్పటికి రెండంకెలు వచ్చాయి.

కొత్త యూనిట్‌లో చేరి కొన్ని వారాలు గడిచాయి. ఒక సాయంత్రం ఫోన్ మోగింది. డాక్టర్ ఫర్హానా. చేరిపోయానని చెప్పింది. ఆఫర్ మీద సంతకం చేసి పంపిన సంగతి నాకు ఎవరూ తెలియజేయలేదు, తెలియజేయనక్కరలేదు కూడా.

“ఇంకో రెండు చోట్ల నుంచి కూడా ఆఫర్లున్నయ్ మేడం. రెండు చోట్లా అదే ప్రశ్నలు పంపా. ఒకళ్లు ఫోన్ చేసి అంతా సూపరన్నారు. ఇంకొకళ్లు ఏడో దానికి, వైఫై ఉందని రాశారు. మీరొక్కరే ఎవరూ ఉండరని రాశారు. సరే, ఈ మనిషి మిగతావి కూడా నిజమే రాసుంటదనుకోని సంతకం చేశా.”

పనులన్నీ సవ్యంగా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయంది. అంబులెన్సును గేటు దగ్గర ఆపడం లేదు. విశ్రాంతి రాస్తే చెల్లుతోంది. మూర్తిగారు ఒకసారి ‘లైట్ డ్యూటీ’ అనబోతే టైమ్ ఆఫీసు ఆదేశం ప్రతిని ఆయన ముందు పెట్టిందట. బెంచీని తన దగ్గరకు తెప్పించుకుందట, వచ్చిన రోగులు కూర్చోవడానికి. ఏసోబు కాలు చూసింది. ఎముక తిన్నగానే అతుక్కుంది, ఇంకొన్నాళ్లు చేతికర్రతో నడిస్తే పనిలోకి వెళ్లవచ్చు. ఇవన్నీ వరసగా చెప్పింది.

“ఏడు దాటింది మేడం. పక్క క్వార్టరుకి తాళముంది.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నవ్వుతూనే అంది. బదిలీ అయింది అన్నాను. “తెలుసు మేడం, మొదటి రోజే చెప్పారు,” అంది. కూర ఏం చేశావని అడిగాను. చెప్పింది. నన్నూ అడిగింది. చెప్పాను. ఆ తర్వాత కొన్నాళ్లు వారానికోసారి ఫోన్ చేసేది. పని పెరిగింది, ఫోన్లు తగ్గాయి. అది సహజం. ఆమె అక్కడ నిలదొక్కుకుంది. ఏసోబు క్రషర్‌లోకి తిరిగి వెళ్లాడని కూడా ఆమె ద్వారానే తెలిసింది. మరియమ్మ పక్కన ప్రార్థనలో ఎవరైనా కూర్చుంటున్నారో లేదో నేను అడగలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి దీని నుంచి నేను చెప్పగలిగింది ఇంతే. అభ్యర్థి అడిగిన ప్రశ్నను, ఫ్యాక్టరీ మీద జరిగే తనిఖీగా తీసుకోవాలి. జవాబు అబద్ధం కావలసి వస్తోందంటే, మార్చవలసింది జవాబును కాదు, ఫ్యాక్టరీని. మార్చాకే సంతకం చేయాలి. ఆ ఉత్తరంలో ఆరు జవాబులు నేను వెళ్లాక కూడా నిలిచాయి. కారణం, అవి నా మీద ఆధారపడి లేవు. సర్క్యులర్ మీదా, ఆదేశం మీదా, వాటిని చూశానని కొత్త మేనేజరు పెట్టిన సంతకం మీదా ఆధారపడి ఉన్నాయి. ఏడో జవాబులో సగం మాత్రమే నిలిచింది. ఎవరూ ఉండరన్న సగం.

ఉద్యోగిగా రాసే ఏ జవాబైనా, రాసినవారు ఆ కుర్చీలో లేకపోయినా నిజంగా మిగిలేది అయి ఉండాలి. ఆ తర్వాత పదవీ విరమణ వరకు నేను చాలామంది అభ్యర్థులకు ఉత్తరాలు రాశాను. ‘నేను ఉంటాను’ అన్న మాట మళ్లీ ఏ ఉత్తరంలోనూ రాయలేదు.